బడి ట్యాబునకు తాళపుచెవి ఎవరి చేతిలో?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపకమును ప్రారంభించినది. ఆ విడతలో విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి 5,18,740 ట్యాబులు కేటాయింపబడినవి. సరిగా ఏడాదికి, 2023 డిసెంబరు 21న, రెండవ విడత అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో మొదలైనది. ఈ మారు వాటి సంఖ్య 4,34,185. కొత్తవలస - కిరండూల్ రైలు మార్గము మీది టైడా కూడ ఈ జిల్లాలోనిదే. ఒక యంత్రరక్షణ పద్ధతి మంచిదా, కాదా అని తేల్చుటకు టైడా వంటి కొండ ఊరే తగిన గీటురాయి.

పథకములో మెచ్చుకొనదగిన అంశములు రెండు కలవు. నెట్‌వర్కు లేకున్నను పాఠములు నడచునట్లు వాటిని ట్యాబులలో ముందే నింపి ఇచ్చుట మొదటిది. కొండ ప్రాంతములకు ఇది ఎంతయు అవసరము. రెండవది, ప్రతి యంత్రములోను నిర్వహణ సాఫ్ట్‌వేరు నుంచుట. దీనివలన విద్యార్థి పాఠములు మాత్రమే చూడగలడనియు, అతడు చూచినది ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును తెలియుననియు ప్రభుత్వము చెప్పినది. లోపము ఇక్కడనే ఉన్నది. ఈ సాఫ్ట్‌వేరును పిల్లవానిపై పెట్టిన కావలివానిగా మాత్రమే ప్రచారము చేసిరి. పిల్లలు ఆ కట్టడిని దాటుచున్నారని పత్రికలలో ఫిర్యాదులు రాగా, చర్చ అంతయు దాని చుట్టునే తిరిగినది. నిజమునకు యంత్ర నిర్వహణ యొక్క ముఖ్యమైన పనులు వేరు: ఖాతా ఎవరిదో నిర్ణయించుట, పోయిన యంత్రమును కాపాడుట, గడువు తీరిన యంత్రమును విడిపించుట.

మొదట ఖాతా సంగతి. ఆండ్రాయిడ్ యంత్రములలో 2015 నుండి ఒక కాపలా కలదు. తెరకు తాళమును, లోపల గూగుల్ ఖాతాయు ఉన్న యంత్రమును ఎవరైనను బయటి మీటలు నొక్కి తుడిచివేసినచో, అది మరల తెరచుకొనునప్పుడు పాత ఖాతాను గాని, పాత తెరతాళపు సంకేతమును గాని అడుగును. అవి తెలియని దొంగకు ఆ యంత్రము పలక కన్న ఎక్కువ కాదు. అయితే తాళమునకు దొంగ యెవరో, దొర యెవరో తెలియదు. ఒక ఉపాధ్యాయుడు బడి ట్యాబులో తన సొంత ఖాతాను పెట్టి, బదిలీపై వెళ్ళినాడనుకొందము. తరువాత ఎవరైనను దానిని తుడిచినచో, ఆ ట్యాబు బడికే పనికిరాకుండ పోవును. అందువలన సంస్థల యంత్రములలో సొంత ఖాతాలను చేర్చనీయక, తాళము విప్పు అధికారమును సంస్థ ఖాతాలకే ఇచ్చు ఏర్పాటు నిర్వహణ సాఫ్ట్‌వేరులలో కలదు. బడి బీరువా తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని పదవికి చెందును గాని, ఆ వ్యక్తికి చెందదు. ఖాతా విషయములోను న్యాయమిదే.

ఇక పోయిన యంత్రము మాట. దూరము నుండి తాళము వేయుట, తుడిచివేయుట అనునవి వినుటకు ఘనముగా నుండును. కాని ఆ ఆజ్ఞ యంత్రమునకు చేరవలెనన్న నెట్‌వర్కు కావలెను. కొండ దారిలో సిగ్నలు అందని చోట జారిపడిన ట్యాబుకు ఆజ్ఞ చేరదు. సిగ్నలు తగులువరకు అది వేచియుండవలసినదే. 2023 మే నెలలో దేశమంతట అమలులోనికి వచ్చిన కేంద్ర పద్ధతి ప్రకారము, పోయిన ఫోనును ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ద్వారా నిలిపివేయవచ్చును. అయితే ఆ సంఖ్య మొబైల్ నెట్‌వర్కుతో పనిచేయు యంత్రములకే యుండును. వైఫై మాత్రమే గల ట్యాబులకు ఉండదు. కాబట్టి కొండలలో నమ్మదగినది యంత్రములోనే ఉన్న రక్షణ. ఇటీవలి ఆండ్రాయిడ్ యంత్రములు లోపలి సమాచారమును గూఢలిపిలో దాచును. తెరకు గట్టి సంకేతమును పెట్టినప్పుడే ఆ దాపరికము ఫలించును. ఇంత చిన్న అలవాటు దూరపు ఆజ్ఞ కన్న మేలు.

మూడవది విడుదల. మొదటి విడతలో ట్యాబు పొందిన బాలురు 2025 నాటికి పదవ తరగతి ముగించిరి. ఇంతలో 2024 జూన్‌లో ప్రభుత్వము మారినది. పాఠములిచ్చిన బైజూస్ సంస్థపై అదే ఏడు జూలైలో దివాలా ప్రక్రియ మొదలైనది. సర్వరు నిలిచిపోయినను యంత్రములోని కట్టడి దానంతట అది తొలగదు. ఉచితముగా ఇచ్చితిమన్న వస్తువునకు తాళపుచెవి ఎక్కడనో ఉండిపోయినచో, ఆ బాలుడు దానికి యజమాని యగునా? విప్పించుకొనుటకు అతడు మరమ్మతు దుకాణమునకు పోయినచో, అది అతని తప్పగునా? పంపకము నాడే విడుదల తేదీని ప్రకటింపని పథకము సగము పథకమే. బాలుడు చూచినదంతయు నమోదగునప్పుడు, ఆ నమోదు ఎన్నాళ్ళుండునో కూడ చెప్పవలెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండని వారినందరిని పిల్లలుగానే పరిగణించుచున్నది.

ఇట్టి పథకము మరల వచ్చినప్పుడు ఉపాధ్యాయులు అడుగవలసినవి కొన్ని కలవు. యంత్రము వరుస సంఖ్య బడి పుస్తకములో వ్రాయబడినదా? ఖాతా సంస్థ పేర నున్నదా? పోయినచో ఎవరికి, ఎన్ని దినములలో తెలుపవలెను? నష్టమును పేద కుటుంబమే భరింపవలెనా? విడుదల ఎన్నడు? వీటికి లిఖితపూర్వకమైన జవాబు లేనిచో, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనను కాపాడునది యంత్రమును కాదు, దానిని పంచినవారి పేరును మాత్రమే.