నిందించే హక్కు: క్షేత్రయ్య, భామాకలాపం, కాసుల పురుషోత్తమకవి

ప్రేమ ముందు పుట్టిందనీ, కవిత్వం దాని వెంట నడిచిందనీ క్షేత్రయ్య కథ మనకు అలవాటు చేసింది. మొవ్వ గ్రామంలో వరదయ్య అనే యువకుడు మోహనాంగి అనే దేవదాసిని వలచాడనీ, ఆ వలపే గోపాలుని వైపు మళ్లి పదాలయిందనీ ఐతిహ్యం. నిజానికి ఇది పదాల నుండి వెనక్కి అల్లిన జీవితచరిత్ర. పదాలలో వరదయ్య మాట్లాడడు. ఎక్కువగా మాట్లాడేది నాయిక; కొన్నిచోట్ల సఖి, అరుదుగా నాయకుడు. కవి హృదయంలో ఏముండేదో చెప్పడానికి ఆ మాటలు తప్ప వేరే ఆధారం లేనప్పుడు, ఏ ప్రేమ ఈ పదాలను పుట్టించిందని కాక, వీటిలో ప్రేమ ఏ గొంతుతో పలుకుతున్నదని అడగడం మేలు.

ఆ గొంతు తరచుగా ఉపాలంభానిది. మరొకతె ఇంట రాత్రి గడిపి తెల్లవారి వచ్చిన నాయకుణ్ణి ఖండిత నిలదీస్తుంది. ఆలంకారికులు దీనిని విప్రలంభంలో మానానికి చేర్చి సరిపెట్టారు. అయితే కోపగించడానికి నాయికకు గల అధికారం ఎక్కడిదన్న ప్రశ్న అక్కడ తేలదు. స్వీయకు పెండ్లి ఉన్నది. క్షేత్రయ్య పదాలలో విశేషంగా కనిపించే సామాన్యకు ఏమున్నది? వచ్చినవాడు రేపు రాకపోవచ్చు. అతణ్ణి కట్టివేసే సంబంధం ఏదీ లేదు. అయినా నిలదీస్తుంది. అందువల్లనే ఆమె మాటలో నింద, పిలుపు విడదీయరానంతగా కలిసి ఉంటాయి. ఎంత తిట్టవచ్చో, ఎక్కడ ఆగాలో తెలిసిన మాట అది. అభినయంలో ఒక్క పాదాన్ని పలుమార్లు పాడి సంచారిభావాలతో విస్తరించే వీలు ఈ సందిగ్ధత నుండే వస్తుంది.

నాయికను జీవాత్మగా, గోపాలుణ్ణి పరమాత్మగా అన్వయించే వ్యాఖ్యానం ఈ చోటనే విఫలమవుతుంది. పరమాత్మ పరస్త్రీ గృహం నుండి రావడమేమిటన్న ఇబ్బందికి అది సమాధానం చెబుతుంది గాని, నాయిక పడే భయాన్ని తుడిచివేస్తుంది. జీవుణ్ణి దేవుడు శాశ్వతంగా విడిచిపోడని ముందే హామీ ఉంటే ఆ నిందలో పందెం ఏమున్నది? ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1994లో వెలువరించిన ఆంగ్లానువాద సంపుటికి 'వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్' అని పేరు పెట్టడంలోని తెగువ ఇదే. దేవుడు విటుడైన చోట డబ్బు ప్రసక్తి కూడా ప్రేమభాషలో భాగమే.

'మువ్వ' ఊరి పేరు కాదు, కాలి మువ్వయే అనే వాదం ఉన్నది. శబ్దార్థం రెండింటికీ అనుకూలమే. అయితే మధుర తిరుమలనాయకునికి, తంజావూరు విజయరాఘవునికి, గోలకొండ పాదుషాకు తాను చెప్పిన పదాల లెక్కను కవి ఒక పదంలో ఏకరువు పెట్టాడు. గోలకొండ వంతు 1500. ఇన్ని ఆస్థానాలు తిరిగినా, కంచి వరదుని వంటి ఇతర క్షేత్రదేవతలను పాడినా మువ్వగోపాల ముద్రను వదలలేదు. దూరాన ఉన్నవాడిని దగ్గరివాడిగా పిలవడానికి ముద్ర పనికివచ్చింది. ఈ కారణంగా ఊరి పేరన్న పక్షమే నాకు బలంగా తోస్తుంది.

మొవ్వకు పొరుగున ఉన్న కూచిపూడిలో, సిద్ధేంద్రయోగి పేర నిలిచిన భామాకలాపంలో సమస్య మారుతుంది. సత్యభామ భార్య, ఆమె అలగవచ్చు. అయినా విరహంలో మాధవి చేతికి లేఖ ఇవ్వక తప్పలేదు. హక్కు ఉన్నంత మాత్రాన ప్రియుడు రాడని ఆ లేఖ ఒప్పుకుంటుంది. ఈ పాత్రను తరతరాలుగా పురుషులే ధరించారు. క్షేత్రయ్య కూడా స్త్రీ గొంతునే అరువు తెచ్చుకున్నాడు.

కాసుల పురుషోత్తమకవి అరువు తెచ్చుకోలేదు. దివిసీమ పెదప్రోలుకు చెందిన ఈ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళ ఆంధ్రమహావిష్ణువును తన గొంతుతోనే దెప్పిపొడుస్తాడు. వ్యాజనింద ఇక్కడి సొత్తేమీ కాదు. సింహాచలం, భద్రాచలం దేవుళ్లకూ ఇటువంటి శతకాలున్నాయి. శ్రీకాకుళానికి ఉన్న ప్రత్యేకత వేరు. కృష్ణరాయల కలలో కనిపించి, శ్రీరంగంలో జరిగిన గోదాదేవి పెండ్లికథను తెలుగులో చెప్పమని అడిగింది ఈ దేవుడేనని ఆముక్తమాల్యద అవతారిక చెబుతుంది. తాను ముడిచిన దండను దేవునికి పంపిన కన్య ప్రేమను కావ్యంగా కోరినవాడు, తన ఆలయం దుఃస్థితిలో పడినప్పుడు ఊరకున్నాడు. శతకం ఆ దుఃస్థితిని చూసిన వేదనతోనే పుట్టిందని ప్రతీతి.

కాసుల నిందలో ఖండిత భయం లేదు. దేవుడు వేరొక ఇంటికి పోతాడని కాదు, ఉన్నచోటనే ఉండి పట్టించుకోడన్నదే అతని ఫిర్యాదు. సీసపద్యపు నాలుగు పాదాలలో ఒక్కొక్క ఘనతను ఎత్తి చూపి, దానినే తప్పుగా నిరూపించి, మకుటంలో మళ్లీ దాక్షిణ్యం గలవాడవని పిలవడం అతని పద్ధతి. వ్యాజస్తుతి అనే అలంకారనామంతో దీనిని ముగిస్తే ఆ పిలుపు వెనుక ఉన్న నిష్ఠూరం వినపడదు. దేవుణ్ణి అడిగే చనువు పెండ్లి వల్ల కాక, రోజూ కళ్లెదుట ఉన్న గుడి వల్ల వచ్చింది.