మసి మీద సున్నం

అగ్గి పడ్డ ఇంటికి ముందు ఫైరింజన్ వస్తుంది, తర్వాత చుట్టాలొస్తారు, మూడో రోజుకు పెయింట్ మేస్త్రీ దిగుతాడు. వనపర్తిలోనైనా గద్వాలలోనైనా నేను చూసిన వరుస ఇదే. మేస్త్రీ గోడలకేసి ఒకసారి చూసి, "రెండు కోట్లు సున్నం, మీద డిస్టెంపరు. వారంలో అప్పజెప్తా" అంటాడు. ఇంటివాళ్లకూ అంతకన్నా కావలసింది లేదు. నల్లటి గోడల మధ్య కంటిమీద కునుకు ఎవరికి పడుతుంది?

చిక్కేమిటంటే మసి ఉత్త దుమ్ము కాదు, జిడ్డు. సున్నం కింద అది ఊరుకోదు. కాస్త చెమ్మ తగిలితే చాలు, గోధుమరంగు చారలుగా పైకి ఉబుకుతుంది, వెంటే కమురు వాసన. మసి పూసి మారేడుకాయ చేసేవాళ్లను పెద్దలు తిట్టారు గానీ, మసికే సున్నం పూసి ఇల్లు బాగైందనుకునే మనల్ని ఏమనేవాళ్లో!

గద్వాలలో ఒక చీరల దుకాణం సంగతి చెప్తాను. స్విచ్‌బోర్డు దగ్గర షార్ట్ సర్క్యూటయి ఒక ర్యాకు కాలింది. మంట తిన్నది ఆ ఒక్క ర్యాకే, పొగ మాత్రం దుకాణమంతా తిరిగింది. గోడకు కొట్టిన మేకుల తలల మీద, గది మూలల్లో బూజులా వేలాడుతూ, మూసి ఉన్న బీరువా లోపల కూడా మసే. సాయానికొచ్చిన ఆడవాళ్లు సర్ఫు నీళ్లలో గుడ్డ ముంచి చెక్క అరలు తుడిచారు. పొడిగా ఉన్నంతసేపూ దులిపితే రాలిపోయే మసి, తడి తగలగానే కాటుకలా పట్టుకుంది. ఆ అరలను చివరికి రందా పట్టించాల్సి వచ్చింది.

చీరలు మటుకు ఒక ముసలి నేతగాడి నోటి చలవతో బతికాయి. "మడత ఇప్పకున్రి, నీళ్లు సూపియ్యకున్రి" అని కేకేశాడు. మసి మడత అంచుల మీదే ఉంది, లోపలి పొరలు శుభ్రంగానే ఉన్నాయి. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ఓర్చుకునే ఉతుకు పట్టుకు గిట్టదు, జరీకి అసలే గిట్టదు. మెత్తటి కుంచెతో మడత వెంట, ఒకే దిక్కుకు, ఒక్కో చీరా దులిపారు. తర్వాత నీడపట్టున ఆరేశారు.

గోడకూ ఇదే సూత్రం. మెయిన్ ఆపి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ముందు పొడి పని: వాక్యూమ్, పొడి రబ్బరు స్పాంజి, పైకప్పు నుంచి కిందికి. తడి పని ఆ తర్వాతే, అది మాత్రం గోడ అడుగు నుంచి పైకి. పై నుంచి కడిగితే కారిన చారలు పొడి గోడ మీద మచ్చలై నిలుస్తాయి. బొగ్గు కుంపట్ల కాలంలో అమెరికావాళ్లు గోడ కాగితాల మీది మసిని మెత్తటి పిండి ముద్దతో అద్ది తీసేవారు. బొగ్గు పోయి గ్యాసు వచ్చాక ఆ ముద్దకు గిరాకీ పడిపోతే, 1950ల్లో దానికి రంగులేసి పిల్లల బొమ్మల పిండిగా అమ్మారు. ఇవాళ మన పిల్లలు ఆడుకునే ప్లే-డో అదే.

గోడ ఆగుతుంది, లోహం ఆగదు. కరెంటు తీగల మీది పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, చెమ్మతో కలిస్తే ఆమ్లమే. స్టీలు గిన్నెలు, కుళాయిలు, కుట్టుమిషన్, ఫ్రిజ్ వెనకాల రాగి గొట్టాలు రోజుల్లోనే మచ్చలు పడతాయి. మనమేమో గోడలకు తొందరపడి, సామాన్లను వరండాలో కుప్పేసి పదిహేను రోజులు మర్చిపోతాం.

పొగ ఏం చేయగలదో నాగర్‌కర్నూల్ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. సొరంగం నిండా పొగ కమ్మేసి, లోపల చిక్కుకున్న 9 మంది ప్రాణాలు పోయాయి. ఒక్కోటీ 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్ల కేంద్రం అది. అందులో మొదటి రెండు యూనిట్లు తిరగడానికే అక్టోబర్ 26 దాకా పట్టింది. ఇంజనీర్లూ యంత్రాంగమూ ఉన్న చోటే అన్ని రోజులు. మనం రెండు గదుల ఇంటికి వారం గడువు పెడతాం.

రంగు కంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: స్లాబు. బాగా వేడెక్కిన కాంక్రీటు చాలాసార్లు గులాబి రంగుకు తిరుగుతుంది. సుత్తితో తడితే ఖంగుమనక డొల్లగా పలికితే ఇంజనీరును పిలవాల్సిందే. పాత మిద్దెల్లో దూలం నల్లబడిందని పీకేయకూడదు. ఉలితో చెక్కి చూడండి, బొగ్గు కింద గట్టి టేకు ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఎంత మిగిలితే చాలో మాత్రం తెలిసినవాళ్లే తేల్చాలి.

ఇక డబ్బు. 2022–26 కాలానికి విపత్తు సాయం లెక్కల్లో పూర్తిగా పోయిన గుడిసెకు 8,000 రూపాయలు. రేకులకు చాలితే గొప్ప. ఇంటి బీమాకు 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీ ఉంది, చిన్న దుకాణాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఉన్నవాళ్లు దేన్నీ కదపకముందే ఫొటోలు తీసి, సర్వేయర్‌ను పిలవాలి. కానీ నేను చూసిన ఎస్టిమేట్లలో ప్లాస్టరింగ్‌కు అడుగు రేటుంది, వైరింగ్‌కు పాయింటు రేటుంది, రంగుకూ ఉంది. మసి తీయడానికి వరుసే లేదు. రేటు లేని పని కాబట్టి అది ఇంటి ఆడవాళ్ల మీద పడుతుంది, లేదా సున్నం కిందికి పోతుంది.

మా మేస్త్రీని ఒకసారి నిలదీశాను, తెలిసీ ఎందుకు పూసేస్తావని. కుంచె ఆపకుండానే అన్నాడు: "మసి తీసుడు నాలుగు దినాల పని సార్. గోడకింతని ఎస్టిమేట్ల రాయించున్రి, ఎందుకు తియ్యం?"