కొలిచాకే బోరు

పాత అంబాసిడర్ నీలం పొగ కొడుతూ, ఆయిల్ తాగుతూ, చిన్న ఎత్తు ఎక్కడానికి కూడా ఆయాసపడుతుంటే “ఇంజన్ బోరుకొచ్చింది” అని తేల్చేస్తారు. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. అయినా మొదటిసారి ఇంజన్ విప్పబోయేవారు దాన్ని అనుమానంగానే తీసుకోవాలి. ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ చూసి, ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది. పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. హెడ్డు దించితే తీరే పనికి బ్లాకు కోయించినవారు ఎందరో. పాత ఇంజన్‌ను తిరిగి కట్టడంలో విప్పడం, బిగించడం తేలిక పనులు; విద్య అంతా కొలతలోనే ఉంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఈ విద్య షోకు కార్ల కోసం పుట్టింది కాదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద వరి, చెరకు పండే నేల ఇది. బెల్లానికి కామారెడ్డి పేరున్న మార్కెట్. బావి మీది ఆయిల్ ఇంజను గానీ, దుక్కిలో ట్రాక్టరు గానీ అదునులో ఆగిపోతే రైతుకు కొత్తది కొనే తాహతూ ఉండదు, హైదరాబాద్ నుంచి సామాను వచ్చేదాకా ఆగే తీరికా ఉండదు. అరిగినదాన్నే కోసి, స్లీవు వేసి, సైజు మార్చి మళ్లీ నడిపించాల్సి వచ్చింది. పాత ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే లారీలు అదే పనిని ఇంకా పెంచాయి. పాత కారు మీద మోజు పడ్డవారు ఈరోజు అక్కడి మెకానిక్ షెడ్డు గడప తొక్కితే, వారికి అందేది ట్రాక్టర్ల మీద పండిన నేర్పే.

అంబాసిడర్ కూడా ఆ నేర్పుకు తగ్గ బండే. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాను తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారాలో తయారుచేసిన ఈ కారు 1950ల చివరి నుంచి 2014 దాకా వచ్చింది. మధ్యలో డీజిల్, ఇసుజు ఇంజన్లు చేరినా, పాత బండ్లలో ఎక్కువగా దొరికేది బీఎంసీ బి-సిరీస్ 1489 సీసీ పెట్రోలు ఇంజను. దళసరి పోత ఇనుప బ్లాకు, బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. అరిగితే కోయడానికి లోహం మిగలాలన్న లెక్కతోనే దాన్ని పోశారు. అంగుళంలో వెయ్యో వంతు చొప్పున పది, ఇరవై, ముప్పై, నలభై అంటూ ఓవర్‌సైజు పిస్టన్లు వచ్చేవి. నలభై దాకా కోస్తే అదే ఇంజను 1531 సీసీ అవుతుంది. ఒక్కో కోతా ఇంజన్ ఆయుష్షులోంచి ఒక మెట్టు తినేస్తుంది కాబట్టి, పదితో సరిపోయే చోట ముప్పైకి వెళ్లడం దుబారా.

హెడ్డు తీశాక సిలిండరు పైఅంచు దగ్గర గోటితో తడిమితే ఒక గట్టు తగులుతుంది. రింగులు చేరని చోటు అరగదు, దాని కిందిది అరుగుతుంది. మంట వేడి, రింగుల వెనక గ్యాసు ఒత్తిడి, ఆయిల్ కొరత మూడూ కలిసేది అక్కడే. కనెక్టింగ్ రాడ్డు వాలు పిస్టన్‌ను ఒక పక్కకు నెట్టడంతో బోరు గుండ్రతనం పోయి కోలగా మారుతుంది. అందుకే ఒక్కో సిలిండరుకు ఆరు కొలతలు: పైన, మధ్యన, కింద, ప్రతి చోటా క్రాంకు పొడవునా, దానికి అడ్డంగా. నాలుగింటిలో బాగా చెడినదే సైజును నిర్ణయిస్తుంది, మిగతా మూడూ దాని వెంట నడవాల్సిందే. పిస్టన్లు ముందే కొని, బ్లాకుతోపాటు బోరింగు మిషన్ దగ్గరికి పంపాలి; పెట్టె మీది అంకెను నమ్మకుండా చేతిలోని పిస్టన్‌కు కోయించాలి. తర్వాత రింగును ఒట్టిగా బోరులో దించి, పిస్టన్‌తో నిటారుగా నెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజి పెట్టాలి. ఈ బోరుకు సుమారు 0.3 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. లేకపోతే వేడికి సాగిన కొసలు ఒకదాన్నొకటి పొడుచుకుని గోడను గీరేస్తాయి.

క్రాంకుకూ, బేరింగులకూ ఇదే న్యాయం, సైజు మాత్రం తగ్గుతూ పోతుంది. ఏ క్యాపు ఎక్కడిదో విప్పేముందే గుర్తు పెట్టకపోతే తర్వాత ఎంత కొలిచినా ప్రయోజనం లేదు. వాల్వులను పేస్టుతో రుద్దినప్పుడు సీటు చుట్టూ తెగని బూడిదరంగు వలయం రావాలి. ఆ సీట్లను అరగకుండా కాపాడిన సీసం కలిసిన పెట్రోలు 2000లో దేశమంతటా ఆగిపోయింది గనుక, పాత హెడ్డుకు ఎగ్జాస్టు వైపు గట్టి సీట్లు వేయించడం మంచిది.

చేతి అనుభవం ఉన్న మేస్త్రీకి మైక్రోమీటరు ఎందుకని కొందరంటారు. చెవితో విని ఏ బేరింగు కొడుతోందో చెప్పగలవారు ఉన్నారు, ఆ విద్యను తక్కువ చేయనక్కర్లేదు. అయితే చెవి లోపాన్ని పట్టిస్తుంది గానీ ఎంత కోయాలో చెప్పదు. పైగా మన షెడ్లలో నిజమైన బలహీనత దుమ్ము. ఆరుబయట గోనెసంచి మీద పరిచిన బేరింగుకు ఏ కొలతా రక్ష కాదు. ఇంత శ్రమ దేనికి, ఇంకో డీజిల్ ఇంజను ఎక్కిస్తే పోలేదా అన్నది మరో ప్రశ్న. రోజువారీ తిరుగుడుకు అది తెలివైన పనే కావచ్చు. కానీ యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలకు కేంద్రం 2021లో ఇచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఇంజను, ఛాసిస్, బాడీ అసలు రూపంలోనే ఉండాలి. ఇక పొగ మాట. బాగా కట్టిన పాత ఇంజను ఆయిల్ కాల్చడం మానుతుంది గానీ బీఎస్-6 బండి అయిపోదు. పర్యావరణం పేరు చెప్పి దీన్ని సమర్థించడం నాకు సబబనిపించదు. అప్పుడప్పుడు తీసే బండిగా ఉంచుకోవడమే దీనికి మర్యాద.

మొదటిసారి కట్టేవారు స్టార్టు చేసేముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఇంజన్‌ను తిప్పండి. తొలి 500 కిలోమీటర్లు బండిని లాగించొద్దు, ఒకే వేగంతోనూ నడపొద్దు. ఆ తర్వాత ఆయిల్ మార్చి, హెడ్డు నట్లు, ట్యాపెట్లు మళ్లీ చూసుకోండి. కొలతలు రాసిన కాగితాన్ని ఆర్సీతోపాటు దాచండి. తర్వాత ఆ బ్లాకు విప్పేవారికి ఇంకెన్ని కోతలు మిగిలాయో అందులోనే తెలుస్తుంది.