పసుపు రసం కారిపోనివ్వండి

చైత్రం దాటితే కర్నూలు, కడపల్లో గాలిలో తడి ఉండదు. ఎండ 43, 44 డిగ్రీలకు ఎక్కే రోజుల్లో బేతంచెర్ల, యర్రగుంట్ల బండల గనుల్లో పనిచేసేవాళ్ల ముంజేతులు చూడండి. చర్మం కమిలి, బిరుసెక్కి, గోటితో గీస్తే తెల్లగా గీత పడుతుంది. ఇదే నేలలో, ఎవరూ నీళ్లు పోయకుండా, గట్ల మీద కలబంద పెరుగుతుంది. దిష్టికని గుమ్మానికి తలకిందులుగా కట్టినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అలా దాచుకున్న నీళ్లే లోపలి గుజ్జు. అందులో 98 శాతం దాకా నీరే. మిగిలిన కొంచెంలో ఉండే అసిమానన్ లాంటి పదార్థాలే ఆ నీటిని పట్టి ఉంచి, మంటను తగ్గిస్తాయి.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. చాలామంది ఆకు విరిచి, విరిచినట్టే ముఖానికి రుద్దుకుంటారు. తొక్క కిందుండే పసుపు రసం వేరు, గుజ్జు వేరు. ఆ రసాన్ని ఎండబెడితే వచ్చేదే మూసాంబరం, గట్టి విరేచనకారి. అది చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. మా అవ్వ ఆకును మొదట్లో కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గిన్నెలో నిలబెట్టేది. ఘాటు వాసనతో రసం చుక్కచుక్కగా అడుగున చేరేది. "ఆ చేదంతా పోనీ నాయనా, అందాక ముట్టుకోవాకు" అనేది. తర్వాత ముళ్ల అంచులు చెక్కి, తొక్క తీసి, గాజులా మెరిసే గుజ్జును రెండు నీళ్లలో కడిగేది.

మన పొడి గాలికి ఇంకో జాగ్రత్త కావాలి. వట్టి గుజ్జు రాసి వదిలేస్తే అందులోని నీరు ఇట్టే ఆరిపోతుంది. కాసేపు చల్లగా ఉండి, ఆపైన చర్మం బిగుసుకుంటుంది. తడి ఆరకముందే పైన పలుచగా కొబ్బరినూనె పట్టించాలి. కొత్తవాళ్లు ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒకరోజు చూసుకోవాలి. గట్ల మీది కిత్తనారను చూసి కలబంద అనుకునేరు! దాని రసం తగిలితే ఒళ్లు మండిపోతుంది.

చిన్న కాలిన గాయాలకు కలబంద మేలు చేస్తుందనడానికి కొంత ఆధారం ఉంది. 2007లో థాయ్ పరిశోధకులు నాలుగు అధ్యయనాలు, 371 మంది రోగుల వివరాలు కలిపి చూస్తే గాయం మానడానికి పట్టే కాలం సుమారు 9 రోజులు తగ్గింది. అయితే కాలిన వెంటనే పెట్టాల్సింది కుళాయి నీళ్ల కింద, 20 నిమిషాలు. లోతైన కోతలకు గుజ్జు పెట్టకూడదు. 1991లో అమెరికాలో ఆపరేషన్ గాయాలపై వాడి చూస్తే సగటున 53 రోజుల్లో మానేవాటికి 83 రోజులు పట్టింది.

గనుల యజమానులు కూలీలకు ముందు నీడ, తాగునీళ్లు ఇవ్వాలి. ఆపైన రేకుల షెడ్డు పక్కన నాలుగు కలబంద పిలకలు నాటించినా చాలు, వాటికి నీళ్ల ట్యాంకరు కూడా అక్కర్లేదు.