గొడ్డలి ఒక్కటే గుర్తుంది

పాత సినిమాలు రెండు రకాలు. కొన్ని చూస్తే "అబ్బ, ఆ రోజులే వేరు!" అనిపిస్తుంది. కొన్ని చూస్తే "ఆ రోజులు ఎక్కడికీ పోలేదు, మన వీధి చివరే కాపురముంటున్నాయి" అనిపిస్తుంది. మొదటి రకం చూసి హాయిగా నిద్రపోవచ్చు. రెండో రకం చూశాక కాసేపటి దాకా దీపం ఆర్పబుద్ధి కాదు. టి. కృష్ణ తీసిన "ప్రతిఘటన" ఈ రెండో రకంలోది.

అది 1985 అక్టోబరులో వచ్చిన సినిమా. అప్పటికి విజయశాంతికి ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. ఆ వయసులో లెక్చరర్ ఝాన్సీగా నిలబడి, ఉత్తమ నటిగా నంది బహుమతి తెచ్చుకుంది. 1987లో ఎన్. చంద్ర దీన్నే హిందీలో "ప్రతిఘాత్"గా తీశారు. కృష్ణగారు మాత్రం "ప్రతిఘటన" వచ్చిన మరుసటి ఏడే, 1986లో, నలభై నిండకుండానే పోయారు. "నేటి భారతం", "వందేమాతరం", "దేశంలో దొంగలు పడ్డారు" - ఆయన సినిమాల పేర్లు చూడండి, ఆ మనిషి ఎంత మండిపోతూ బతికాడో తెలుస్తుంది.

ఈ సినిమా గురించి ఎవరినన్నా అడగండి. మా మేనత్తని అడిగినా, కూరలమ్మే ఆవిడని అడిగినా ఒకటే జవాబు: "చివర్లో ఆవిడ గొడ్డలి పెట్టి వాణ్ణి నరికేస్తుందే, అదేనా?" అదే. సన్మాన సభ, పూలదండలు, జేజేలు. నిన్నటి రౌడీ కాళి నాయకుడై వేదికెక్కాడు. అందరూ చూస్తుండగా ఝాన్సీ వాణ్ణి నరికేస్తుంది. హాళ్లలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. నేను చిన్నప్పుడు అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్‌లో చూసినప్పుడు కూడా, వరండా నిండా కూర్చున్న ఇరుగుపొరుగు వాళ్లు కొట్టారు. ఈమధ్య మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో చూసి ఏం చేసిందనుకున్నారు? కుర్చీలో నుంచి లేచింది. "భలే చేసిందమ్మా!" అంది.

మూడు తరాలు ఒకే చోట చప్పట్లు కొట్టాయంటే, ఆ దృశ్యంలో గొప్పదనం ఉందనైనా అనుకోవాలి, మన బతుకులో మార్పు లేదనైనా అనుకోవాలి. నాకు రెండోదే నిజమనిపిస్తోంది.

ఎందుకో చెబుతాను. గొడ్డలి కంటే ముందు ఆ సినిమాలో ఇంకో దృశ్యం ఉంది. అది ఎవరూ చెప్పరు. కాళి పట్టపగలు నిజాయితీ గల పోలీసు అధికారిని చంపేస్తాడు. చూసినవాళ్లు బోలెడుమంది. సాక్ష్యం చెబుతానన్నది మాత్రం ఝాన్సీ ఒక్కతే. దానికి శిక్షగా వాడు ఆమెను వీధిలోకి లాగి, నలుగురి మధ్యా బట్టలు ఊడదీస్తాడు. ఆ నలుగురూ ఏం చేశారు? ఏమీ చెయ్యలేదు. తలుపులు మూసుకున్నారు, తలలు దించుకున్నారు, కొందరు దించుకోకుండా చూశారు కూడా. చంద్రమోహన్ వేసిన భర్త పాత్ర దుర్మార్గుడు కాదు. భయస్థుడు. "మనకెందుకొచ్చిన గొడవ" అనే తెలుగు మహావాక్యానికి మనిషి రూపం.

నన్నడిగితే సినిమాలో అసలు దృశ్యం అదే. గొడ్డలి దానికి జవాబు మాత్రమే. హాల్లో చప్పట్లు కొట్టిన మనమెవరం? ఆ వీధిలో నించున్న జనమే. నించున్నందుకు లోపల ఎక్కడో సిగ్గుంటుంది. ఎవరో ఒకరు, అందులోనూ దెబ్బతిన్న మనిషే, తన చేత్తో లెక్క తేల్చేస్తే మన సిగ్గు కూడా దాంతోపాటు తేలిపోయినట్టుంటుంది. అందుకే అంత గట్టిగా కొట్టాం.

ఇప్పుడు ఈ నలభై ఏళ్ల లెక్క చూద్దాం. ఏమీ మారలేదనడం అన్యాయం. 1985లో ఒక ఆడదాని బట్టలు ఊడదీస్తే శిక్షాస్మృతిలో ఉన్నది "మర్యాదకు భంగం" అనే పాత సెక్షనే. గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా జరిమానా కట్టి పోవచ్చు. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘోరం జరిగి, దేశమంతా రోడ్డెక్కి, జస్టిస్ వర్మ కమిటీ నివేదిక ఇచ్చాకే, 2013లో బట్టలు ఊడదీయడాన్ని విడిగా ఒక నేరంగా రాశారు. మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్ల దాకా శిక్ష. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది ఉంది. సాక్షుల రక్షణకు ఒక పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించింది 2018 డిసెంబరులో. అంటే ఝాన్సీకి జరిగినదానికి తగిన చట్టం రావడానికి సినిమా తరువాత ఇరవై ఎనిమిదేళ్లు, ఝాన్సీలాంటి సాక్షికి కాపలా పెట్టాలని దేశానికి తోచడానికి ముప్ఫై మూడేళ్లు పట్టింది.

మరి కాళి సంగతి? వాడు రౌడీయిజం నుంచి రాజకీయంలోకి అడుగుపెడితే 1985లో జనం "ఆఁ! మరీ అంత ఘోరమా?" అని ఉండొచ్చు. అభ్యర్థులు తమ మీదున్న కేసులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో మనకి అంకెలు తెలిశాయి. ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ లెక్క ప్రకారం 2009లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో 30 శాతం మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని రాసిచ్చారు. 2014లో 34 శాతం, 2019లో 43, 2024లో 46. కేసున్న ప్రతివాడూ కాళి కాదు, నిజమే. ధర్నా చేసినా కేసు పెడతారు. కానీ 2024లో నెగ్గినవాళ్లలో 31 శాతం మంది మీద ఉన్నవి తీవ్రమైన కేసులు. ఇవన్నీ ఓటు వేసే ముందే మనకు తెలుసు. 1985లో కాళిని చూసి భయపడ్డాం. ఇప్పుడు కాళి ప్రమాణపత్రం చదివి మరీ ఓటేస్తున్నాం. సినిమా పాతబడలేదంటే పాతబడదు మరి!

ఇంక వీధిలో నించున్న జనం. వాళ్లకి ఇప్పుడు చేతిలో ఫోన్ వచ్చింది, అంతే తేడా. 2023 మేలో మణిపూర్‌లో ఇద్దరు స్త్రీలను గుంపు నగ్నంగా నడిపించింది. దేశానికి కోపం వచ్చింది మాత్రం జులైలో, ఆ వీడియో బయటపడ్డాక. రెండు నెలల పైచిలుకు ఆ కోపం ఎక్కడుంది? ఫోన్ తీసినవాడి జేబులో ఉంది.

ఇక్కడి నుంచి చెప్పేది కొంచెం కష్టమైన సంగతి. కొందరికి నచ్చకపోవచ్చు.

2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలికి జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారమంతా ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ సరిగా అన్నం తినలేదు. నేనూ తినలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చేశారని వార్త వచ్చింది. జనం పరుగున వెళ్లారు. పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూలవాన చూస్తుంటే నాకు "ప్రతిఘటన" చివర్లో హాల్లో వినిపించిన చప్పట్లే గుర్తొచ్చాయి. అదే ఊపిరి, అదే తృప్తి, అదే "భలే చేశారు!"

కాని రెండూ ఒకటేనా? ఆలోచించండి. ఝాన్సీ గొడ్డలి ఎత్తింది బలవంతుడి మీద. పోలీసుల్ని చంపగలవాడు, కోర్టుల్ని తిప్పుకోగలవాడు, ఓట్లు కొనగలవాడు వాడు. పట్టపగలు, వేదిక మీద, వెయ్యి కళ్ల ముందు, తన పేరు దాచుకోకుండా ఎత్తింది. వాడి నేరం గురించి ఎవరికీ సందేహం లేదు. చటాన్‌పల్లిలో చచ్చిపోయినవాళ్లు లారీ డ్రైవర్లు, క్లీనర్లు. పోలీసుల చేతిలో ఉన్నవాళ్లు. విచారణ ఇంకా మొదలే కాలేదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే వాళ్లను కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలనీ కమిషన్ చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజు ఎవరూ పూలు చల్లలేదు, ఎవరూ రాళ్లూ వెయ్యలేదు. అప్పటికి మనం వేరే వార్తలో ఉన్నాం.

కృష్ణగారి సినిమాలో కోపం పైకి వెళ్తుంది, అధికారంలో ఉన్నవాడి మీదికి. మన కోపం ఈ నలభై ఏళ్లలో పైకి ఎక్కలేక కిందికి జారింది. ఎక్కడ అడ్డులేదో అక్కడికి నీళ్లు పారినట్టు, ఎవరికి దిక్కులేదో వాళ్ల మీదికి పారింది. ఆడపిల్లల మీద చెయ్యి వేసిన పెద్దవాళ్ల కొడుకులు ఎంతమంది ఎదురుకాల్పుల్లో పోయారో ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. మొదటి వేలు దగ్గరే ఆగిపోతారు.

ఇంకో మాట కూడా మరిచిపోకూడదు. తుపాకీ పట్టినవాడికి పూలు చల్లే ఈ ఊళ్లోనే, 1978లో నల్లకుంట పోలీసు స్టేషన్లో ఒక పేద స్త్రీ మీద అత్యాచారం జరిగిందనీ, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడనీ హైదరాబాదంతా భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు రాష్ట్రం దాటి రాయచూరు వెళ్లింది. అక్కడ వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. "ప్రతిఘటన" ఆడుతున్నప్పుడు హాల్లో కూర్చున్నవాళ్లకి ఇదంతా ఏడేళ్ల కిందటి మాట. అందుకే ఆ సినిమాలో పోలీసు స్టేషన్ మీద నమ్మకం కనిపించదు. ఇప్పుడు మనకి కోర్టు మీదా నమ్మకం పోయింది, అందుకని మళ్లీ పోలీసు తుపాకీనే నమ్ముతున్నాం. పెనం మీద నుంచి పొయ్యిలోకి దూకి, పొయ్యికి దణ్ణం పెట్టడమంటే ఇదే.

అలాగని సినిమాని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దాని లోపాలు దానికున్నాయి. కోట శ్రీనివాసరావు కాశయ్య పాత్రలో అదరగొట్టాడు, ఒప్పుకుంటాను. కానీ ఆ దుష్ట రాజకీయవేత్త నోట తెలంగాణ యాస పెట్టడం, తరువాత తెలుగు సినిమాలు విలన్‌కీ హాస్యగాడికీ ఆ యాసే అంటగట్టడం ఒక ప్రాంతం వాళ్ల మనసుని ఎంత గాయపరిచిందో మనకి ఉద్యమం వచ్చాకగాని తెలియలేదు. అన్యాయం మీద తీసిన సినిమా కూడా తెలియకుండా ఒక అన్యాయం చెయ్యగలదు. పైగా ఝాన్సీ చేతే సాక్ష్యం చెప్పించి, ఝాన్సీ చేతే పాఠం చెప్పించి, ఝాన్సీ చేతే గొడ్డలి పట్టించారు. దెబ్బా ఆవిడదే, చాకిరీ ఆవిడదేనా? తక్కినవాళ్లకి చప్పట్లు కొట్టే ఉద్యోగమా?

పాఠం అన్నాను కదా, ఆ క్లాసు గది దృశ్యం దగ్గరికి వస్తాను. వీధిలో అవమానం జరిగాక ఝాన్సీ కాలేజీకి వెళ్తుంది. బోర్డు మీద కుర్రాళ్లు ఆమె బొమ్మ అసభ్యంగా గీసి ఉంటారు. ఆమె పారిపోదు, ఏడవదు, ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చెయ్యదు. వేటూరి రాసిన, జానకి పాడిన ఆ పాటతో వాళ్లను నిలదీస్తుంది. కుర్రాళ్ల తలలు ఒక్కొక్కటీ వాలిపోతాయి. తల్లిని తలుచుకుంటేగాని ఆడదాన్ని గౌరవించలేరా అని ఇప్పటి మా అమ్మాయి వయసు వాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగు న్యాయమే. అయినా ఆ దృశ్యంలో జరిగింది చూడండి: మొదటిసారి, నించుని చూసే జనంలో కొందరు, చూడడం మానేసి సిగ్గుపడ్డారు. సిగ్గుపడ్డవాళ్లు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు.

సినిమాలో నలుగురు మనుషులు మారింది గొడ్డలితో కాదు, అక్కడే. గొడ్డలితో ఒక కాళి పోయాడు. కాళి ఖాళీ చేసిన కుర్చీ ఖాళీగా ఉండిపోలేదని, ప్రమాణపత్రాల అంకెలు చెబుతూనే ఉన్నాయి. క్లాసు గదిలో మారిన కుర్రాడు మాత్రం రేపు ఏ వీధిలోనన్నా ఝాన్సీ లాంటి మనిషి చుట్టూ గుంపు చేరితే, ఫోన్ జేబులో పెట్టి ఒక అడుగు ముందుకు వెయ్యొచ్చు. వాడి వెనక ఇంకొకడు వెయ్యొచ్చు. నాలుగు అడుగులు ముందుకు పడితే గొడ్డలి అవసరమే రాదు.

ఈసారి ఈ సినిమా టీవీలో వస్తే, చివరి దృశ్యం దాకా ఆగకండి. వీధి దృశ్యం రాగానే కాళినీ ఝాన్సీనీ కాస్త పక్కన పెట్టి, వెనకాల నించున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూడండి. అందులో ఒకటి ఎక్కడో చూసినట్టుంటుంది. అద్దంలోనేమో.