అతుకు గెలిచిన కథ

యుద్ధ విమానాల పుస్తకాల్లో కొన్ని వీరుల గురించి ఉంటాయి, కొన్ని అంకెల గురించి. జెఫ్రీ క్విల్ 1983లో ప్రచురించిన ‘స్పిట్‌ఫైర్: ఎ టెస్ట్ పైలట్స్ స్టోరీ’ని నేను ఫిర్యాదుల పుస్తకంగా చదివాను. అందుకే నచ్చింది.

స్పిట్‌ఫైర్ అనగానే అందరూ చెప్పే పేరు మిచెల్. ఆయన 1937లోనే, 42 ఏళ్ళకే పోయాడు. తర్వాత వచ్చిన రకాలన్నీ జోసెఫ్ స్మిత్ బృందం దిద్దుకుంటూ పోయినవే. ఆ దిద్దుబాటులో టెస్ట్ పైలట్‌గా క్విల్‌కి పెద్ద పాత్ర ఉంది. 1940 ఆగస్టులో ఆయన 65వ స్క్వాడ్రన్‌తో కలిసి యుద్ధానికే వెళ్ళాడు. మంచి వేగంలో విమానాన్ని పక్కకి వాల్చాలంటే చేతుల బలం చాలడం లేదని స్వయంగా తెలుసుకుని వచ్చాడు. కారణం, రెక్కల మీద కదిలే ఎయిలరాన్లకి కప్పిన గుడ్డ. గాలి ఒత్తిడికి అది ఉబ్బేది. గుడ్డ తీసేసి లోహపు రేకు వేశారు. మాది ఎమ్మిగనూరు. మగ్గాల ఊరివాణ్ణి కదా, గుడ్డ ఓడిపోయిన ఈ ఘట్టాన్ని రెండుసార్లు చదివాను.

అసలు కథ మార్క్ 9ది. 1941 చివరి నెలల్లో జర్మన్ల ఫాకె-వుల్ఫ్ 190 ముందు మార్క్ 5 తేలిపోయింది. కొత్త మెర్లిన్ 61 ఇంజన్ కోసం పద్ధతిగా డిజైన్ చేస్తున్న మార్క్ 8 వచ్చేదాకా ఆగే టైం లేదు. ఆ ఇంజన్‌నే మార్క్ 5 ఒంట్లో బిగించి, 1942 జూలైకల్లా మార్క్ 9గా స్క్వాడ్రన్లకి ఇచ్చారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ప్యాచ్. చివరికి మార్క్ 8లు సుమారు 1,650 తయారైతే, తాత్కాలికం అనుకున్న మార్క్ 9లు 5,600 దాటాయి.

పుస్తకం చూపంతా కాక్‌పిట్‌లోంచే. టెస్ట్ పైలట్ జ్ఞాపకాలు కాబట్టి తప్పుపట్టను. కానీ రేకు కొట్టినవాళ్ళు, డబ్బిచ్చినవాళ్ళు కూడా ఈ కథలో మనుషులే. అప్పట్లో ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. స్పిట్‌ఫైర్లు నడిపిన 234వ స్క్వాడ్రన్ పేరులో ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అని ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని చదివితే ఇది పరాయి కథ అనిపించదు.

తెలుగులో యంత్రాల గురించి రాసేటప్పుడు మనం కనిపెట్టినవాడి దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్లలోకి వచ్చిన 1938లోనే మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. ఆయన పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, తెలియాలి కూడా. మగ్గాన్ని ఏళ్ళ తరబడి సరిచేసుకుంటూ నడిపినవాళ్ళ మీద మాత్రం ఒక్క పుస్తకమూ నా కంటపడలేదు.

పైలట్ విసుగుని ఇంజనీర్లు పట్టించుకున్నారు కాబట్టే ఆ విమానం మారింది. మా నేతగాళ్ళ విసుగుల్ని కూడా ఎవరైనా రాసుకోవాలి. చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు.