తలెత్తి చూడాల్సిన నెల

జనవరి నెలాఖరుకి లాల్‌బాగ్‌లో గణతంత్ర దినోత్సవ పూల ప్రదర్శన ముగుస్తుంది. 1889 నాటి గ్లాస్‌హౌస్ ఖాళీ అవుతుంది. బెంగళూరులో ఉండే మనవాళ్లు చాలామంది ‘ఈ ఏడాదికి పూలు చూసేశాం’ అనుకుని తోట ముఖం మళ్లీ ఆగస్టు దాకా చూడరు. నాకైతే అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ప్రదర్శనలో పూలు మనిషి పెట్టిన తేదీకి విచ్చుకుంటాయి. నెలల ముందే లెక్కవేసి విత్తిన తోటమాలి నేర్పు అది, తక్కువదేమీ కాదు. శిశిరం చివర చెట్ల మీద పూసే పూలకు ఆ తేదీలు పట్టవు. అందుకే వాటిని వెతుక్కుంటూ వెళ్లాలి.

వెతకడానికి నా పద్ధతి ఒకటే: ముందు నేల చూడటం. చెట్టు ఆచూకీ రాలిన పువ్వే చెబుతుంది. దారి మీద గులాబీ రంగు బాకా పూలు పరుచుకుని ఉంటే పైన టబెబుయా రోజియా ఉన్నట్టే. ఎల్ సాల్వడార్ దేశపు జాతీయ వృక్షమిది. ఇది తగ్గుముఖం పట్టే వేళకి పసుపు టబెబుయా అందుకుంటుంది. ఈ వరస ఒక్క తోటలోనే కాదు, నగర వీధుల్లోనూ కనిపిస్తుంది. ఒక జాతి పూత ముగిసేసరికి ఇంకో జాతి పూసేలా చెట్లు నాటించాలన్న ఆలోచన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్‌ది. 1908లో ఇక్కడికి వచ్చిన ఈ జర్మన్ తోటల నిపుణుడు లాల్‌బాగ్‌కి పెద్దగా పనిచేశాడు.

నేల మీద బరువైన ఎర్ర పువ్వు దొరికితే అది బూరుగ. చేతిలోకి తీసుకోండి. ఐదు దళసరి రేకులు, మధ్యలో గుత్తులు గుత్తులుగా కేసరాలు. వాసన చూస్తే దాదాపు ఏమీ ఉండదు. ఎందుకుండాలి? దీని చుట్టాలు గోరింకలు, కాకులు, తేనెపిట్టలు. అవి రంగు చూసి వస్తాయి, వాసన పట్టి కాదు. దీని దాయాది తెల్లబూరుగది వేరే తీరు. రాత్రి విచ్చుకుని, గబ్బిలాలకు తేనె పెట్టి, మనం వెళ్లేసరికి చాలా పూలు రాల్చేసి ఉంటుంది.

తోటలో తరచూ వినిపించే ప్రశ్న: “ఆకుల్లేవు, చెట్టు చచ్చిపోయిందా?” లేదు, పొదుపు చేస్తోంది. ఆకుల గుండా నీరు ఆవిరైపోతుంది కనుక వానల్లేని నెలల్లో వాటిని దులిపేసుకుంటుంది. ఆకులు అడ్డు లేకపోతే పూలు దూరంలో ఎగిరే పక్షికి కూడా కనబడతాయి. ఒక్క పనితో రెండు లాభాలు.

ఈ లెక్క అన్నిటికన్నా బాగా అర్థమయ్యేది మోదుగ దగ్గర. బోసి కొమ్మల మీద మఖమల్‌లాంటి నల్లటి పుష్పకోశాలు, వాటిలోంచి వంపు తిరిగిన నారింజ రేకులు. తెలంగాణ పల్లెల్లో హోళీకి ఈ పూలనే నీళ్లలో మరిగించి రంగు తీస్తారు. ఆ చెట్టు ఆకుతోనే విస్తళ్లు కుడతారు. ఇంత తెలిసిన చెట్టే అయినా, కిందికి వంగిన కొమ్మ దగ్గర ఆగి, ఒక పువ్వును విప్పి చూసినవాళ్లెందరు?

పూత చూసి వదిలేస్తే కథ సగమే. పిందెలు పడ్డాయా, కాయలు ముదిరాయా అని మధ్యమధ్యలో వెళ్లి చూడాలి. ఎండలు ముదిరాక బూరుగ కాయలు పగిలి దూది గాలికెక్కుతుంది. మోదుగ కాయలు కూడా వానలకు ముందే రాలతాయి. మాఘ, ఫాల్గుణాల్లో పూయడం వెనకున్న తొందర అప్పుడు తెలుస్తుంది: తొలకరి పడేసరికి విత్తనం నేల మీద సిద్ధంగా ఉండాలి. అందుకని ఈ ఆదివారం తోటకి వెళితే అన్ని చెట్లూ చుట్టిరావాలని చూడకండి. ఒక్క చెట్టును ఎంచుకుని, తొలి వాన దాకా దాని వెంటపడండి.